ఆల్చిప్పల గోడలు: జార్జియా తీరంలో రెండు బానిస ఇళ్ల పరిరక్షణ

అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి అట్లాంటిక్ తీరం పొడవునా చిన్న ద్వీపాలు వరుసగా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో, ఒక కుటుంబం చేతిలో ఉన్న పాత పత్తి తోటలో, బానిసలుగా బతికినవారి ఇళ్లు రెండు నేటికీ గోడలతో నిలిచి ఉన్నాయి. మూడో ఇంటికి పొగగొట్టం మాత్రమే మిగిలింది. పాత కట్టడాల పరిరక్షణ నా వృత్తి. సున్నపు గోడలంటే నాకు ప్రత్యేకమైన శ్రద్ధ. అందుకే ఈ ఇళ్ల బాధ్యత నాకు వచ్చింది. యజమానులూ, అక్కడ బతికినవారి వంశీకులూ కోరారు కాబట్టి తోట పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. పని సాగిన తీరు, ప్రతి నిర్ణయం వెనకున్న కారణం మాత్రం దాచకుండా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇలాంటి ఇంటిని 1850 నాటి రూపానికి తీసుకుపోవాలన్న పద్ధతిని నేను ఒప్పుకోను. 1865లో బానిసత్వం రద్దయ్యాక కూడా అవే కుటుంబాలు అవే గోడల మధ్య రెండు మూడు తరాలు కాపురం చేశాయి. ఆ కాలం వేసిన రంగులు, అంటించిన కాగితాలు, కప్పిన రేకులు తీసేస్తే ఆ మనుషుల జీవితంలో యజమాని ఉన్న భాగం ఒక్కటే మిగులుతుంది. మేం చేసిన ప్రతి పనికీ ఈ ఆలోచనే ఆధారం.

యజమానులు అడిగింది

మొదటి ఉత్తరంలో యజమాని కుటుంబం అడిగింది వేరు. రేకుల కప్పు తీసి పాతకాలపు దేవదారు పెంకులు వేయాలి. లోపల మసి, కాగితాలు శుభ్రం చేయాలి. ఒక ఇంట్లో అతిథులు ఉండేలా స్నానాల గది అమర్చాలి. వాళ్లలో దురుద్దేశం ఏమీ లేదు. పడిపోతున్న ఇళ్లను ఏదో ఒక ఉపయోగంలో పెడితే నిలబడతాయన్నది వాళ్ల ఆలోచన. కట్టడాల రంగంలో చాలామంది చెప్పే మాట కూడా అదే.

కానీ 2022లో మిసిసిపీ రాష్ట్రంలో ఒక బానిస ఇంటిని సెలవుల బసగా అద్దెకిస్తున్న సంగతి బయటికి వచ్చి దేశమంతా దుమారం రేగింది. ఆ ప్రకటనను నడిపిన సంస్థ క్షమాపణ చెప్పి, అలాంటి ఇళ్లన్నిటినీ జాబితా నుంచి తొలగిస్తామని ప్రకటించింది. ఆ ఉదంతాన్ని నేను యజమానుల ముందు పెట్టాను. ఇంకో మాట కూడా చెప్పాను: ఇక్కడ బతికినవారి మనవలు, మునిమనవలు పడవ దిగితే అరగంట దూరంలోనే ఉన్నారు, వాళ్లను అడగకుండా నేను ఉలి పట్టను. దీనికి ఒప్పుకోవడానికి ఆ కుటుంబానికి కొంత కాలం పట్టింది. చివరికి స్నానాల గది మాట మానుకున్నారు. నిర్ణయాల సంఘంలో వంశీకులకు సగం స్థానాలు ఇచ్చారు. ఈ పద్ధతికి వర్జీనియాలో అమెరికా నాలుగో అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ ఎస్టేటు అయిన మాంట్‌పెలియర్ దారి చూపింది. అక్కడ పాలకమండలిలో వంశీకులకు సమాన స్థానం కోసం పెద్ద పోరాటమే జరిగింది. 2022లో అది ఫలించింది.

గోడ ఎలా పుట్టింది

ఈ తీరంలో రాయి దొరకదు. ఇటుకకు పనికొచ్చే మట్టి తక్కువ. ఆల్చిప్పలు మాత్రం కుప్పలుగా ఉంటాయి. యూరోపియన్లు రాకముందు వేల ఏళ్లపాటు ఇక్కడి ఆదివాసులు తిని పారేసిన చిప్పల దిబ్బలవి. ఆ చిప్పలను కట్టెల మీద పేర్చి కాలిస్తే సున్నం వస్తుంది. గోదావరి జిల్లాల్లో, కోస్తాలో గుల్ల సున్నం ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. సున్నం, ఇసుక, బూడిద, పగలని చిప్పలు, నీళ్లు కలిపి, చెక్క పలకల మధ్య పోసి, దిమ్మిసతో కొడతారు. సుమారు అడుగు ఎత్తు పోశాక కొన్నాళ్లు ఆరనిచ్చి, పలకలు పైకి జరిపి, మళ్లీ పోస్తారు. ఈ కట్టుబడిని టాబీ అంటారు. 19వ శతాబ్దం మొదట్లో సపెలో ద్వీపంలో థామస్ స్పాల్డింగ్ అనే తోట యజమాని దీనికి బాగా ప్రచారం తెచ్చాడు. పుస్తకాల్లో అతని పేరే ఉంటుంది. చిప్పలు మోసినవారు, సున్నం బట్టీ దగ్గర కళ్లు మండించుకున్నవారు, ఉప్పు పోయేదాకా ఇసుక కడిగినవారు, దిమ్మిస వేసినవారు అందరూ బానిసలే. తమను ఉంచడానికి కట్టిన ఇంటిని కూడా వాళ్లే కట్టారు.

టాబీ ఇళ్ల గురించి ఎవరైనా ముందుగా చూడవలసిన చోటు ఫ్లోరిడాలోని ఫోర్ట్ జార్జ్ ద్వీపం. అక్కడి కింగ్స్‌లీ తోటలో 32 ఇళ్లు అర్ధచంద్రాకారంలో ఉండేవి. వాటిలో 25 ఇళ్ల అవశేషాలు నేడు జాతీయ ఉద్యానవనాల శాఖ సంరక్షణలో ఉన్నాయి. 1968లో చార్లెస్ ఫెయిర్‌బ్యాంక్స్ అక్కడ జరిపిన తవ్వకం బానిసల ఇళ్ల పురావస్తు పరిశోధనకు నాంది అంటారు. అంతకు ముందు తోటల్లో తవ్వకాలన్నీ దాదాపు యజమాని మేడ చుట్టూనే సాగాయి.

మా ద్వీపంలోని ఇళ్లు రెండు గదులవి. మధ్య గోడ మీద ఒకే పొగగొట్టం, దానికి రెండు వైపులా రెండు పొయ్యిలు. గదికో కుటుంబం. గోడ మీద అడుగుకో అడ్డగీత కనిపిస్తుంది, ఒక్కో పోత అక్కడ ఆగింది. పలకలను బిగించిన చెక్క మేకుల రంధ్రాలు వరుసగా ఉన్నాయి. వెనక గోడలో ఒకచోట కింది నాలుగు పోతలు గట్టిగా, పై రెండు బలహీనంగా ఉన్నాయి. నమూనాలు చూస్తే పై పోతల్లో సున్నం తక్కువగా తేలింది. బట్టీలో సరుకు అయిపోయిందో, వాన తరుముకొచ్చిందో, పని త్వరగా ముగించమని ఒత్తిడి పెట్టారో, గోడ చెప్పదు. ఆ తేడాను సరిచేయకుండా అలాగే ఉంచాం.

గోడ కంటే ముందు పేర్లు

గోడ ముట్టుకునే ముందు కాగితాల పని చేయించాను. ఇందుకోసం వేరే నిధులు కావాలంటే చాలామంది యజమానులు వెనకాడతారు. కానీ ఇంట్లో ఎవరున్నారో తెలియకుండా, ఆ ఇంట్లో ఏది ముఖ్యమో తేల్చడం కుదరదు.

1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టిక ఉండేది. ఎడమ పక్కన యజమాని పేరు. దాని కింద మనుషులు: వయసు, ఆడా మగా, రంగు. అంతే, పేరు లేదు. 1860 పట్టికలో మాత్రం చివర ఒక గడి అదనంగా ఉంది, ఈ యజమానికి బానిస ఇళ్లు ఎన్ని అని. అంటే ప్రభుత్వం ఇళ్లను లెక్కపెట్టింది, మనుషుల పేర్లు అడగలేదు. ఆ సంవత్సరం అమెరికాలో అలా పేర్లు లేకుండా లెక్కకెక్కినవారు దాదాపు 39.5 లక్షల మంది.

పేర్లు దొరికేది యజమాని చనిపోయినప్పుడు వేసిన ఆస్తి జాబితాలో. ఎద్దులు, పడవలు, పత్తి యంత్రాల మధ్య మనిషి పేరు, పక్కన డాలర్లలో వెల. మా జాబితాలో కొన్ని పేర్లు పశ్చిమాఫ్రికా వారాల పేర్లు. ఆదివారం పుట్టినవాడు క్వాష్, సోమవారం పుట్టినవాడు కడ్జో, శుక్రవారం పుట్టినవాడు కఫీ. మన ఊళ్లలో సోమవారం పుట్టినవాడికి సోమయ్య అని పెట్టినట్టే. సముద్రం దాటించినా, చదువు నేర్పడమే నేరమని 1829లో జార్జియా చట్టం చేసినా, బిడ్డకు పుట్టిన వారం పేరు పెట్టుకోవడం మానలేదు.

1870 జనాభా లెక్కల్లో ఈ మనుషులు తొలిసారి పేరుతో, ఇంటిపేరుతో కనిపిస్తారు. వెనక్కి వెతుకుతూ వెళ్లే వంశీకులకు దారి మూసుకుపోయేది ఇక్కడే. ఆ దారి తెరవడానికి మాకు బాగా ఉపయోగపడినది ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాల పుస్తకం. విముక్తులైనవారి పొదుపు కోసం 1865లో పెట్టిన ఈ బ్యాంకు 1874లో మూతపడి, పేదల డబ్బు మింగేసింది. కానీ ఖాతా తెరిచేటప్పుడు గుమస్తాలు అడిగి రాసుకున్న వివరాలు మిగిలాయి: తల్లిదండ్రులు, తోబుట్టువులు, పాత యజమాని, తోట. జార్జియాలోని సవన్నా నగర శాఖ పుస్తకాల్లో మా ద్వీపం వాళ్లు దొరికారు. ఒక తల్లి తన పిల్లల పేర్లు వరుసగా చెప్పి, ఇద్దరి పేర్ల పక్కన అమ్మేశారని రాయించింది. 1859 మార్చిలో ఇదే సవన్నా పక్కన గుర్రప్పందెం మైదానంలో రెండు రోజుల్లో 400 మందికి పైగా మనుషులను వేలం వేశారు. మా తోటవాళ్లు అందులో లేరు. అమ్మకం మాత్రం ఎవరి గుమ్మానికైనా ఎప్పుడైనా వచ్చేది.

ఈ పరిశోధన ఇంకో సంగతి బయటపెట్టింది. 1865 జనవరి 16న సవన్నాలో ఉత్తరాది సైన్యపు జనరల్ షెర్మన్ ఇచ్చిన ఆజ్ఞతో ఈ ద్వీపాలను విముక్తులకు కుటుంబానికి 40 ఎకరాల లోపు కమతాలుగా పంచారు. అదే ఏడాది అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూమిని పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. సొంత భూమి చేతికొచ్చి, చేజారి, తాము కట్టిన ఇళ్లకే కౌలుదారులుగా, అద్దెదారులుగా మళ్లీ వచ్చి చేరారు మా ఇళ్లలోని వాళ్లు. అందుకే 1865 దగ్గర గీత గీసి ఇది బానిస ఇల్లు, తర్వాతిది కాదు అనడం నాకు చేతకాదు.

సిమెంటు చేసిన చేటు

రెండు ఇళ్లలో తూర్పుదానికి గతంలో ఒక గుత్తేదారు బయటి గోడలకు సిమెంటు పూత పూశాడు. గట్టిపడుతుందనే పూసి ఉంటాడు. టాబీ గోడ తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు ఆ తడిని బయటికి పోనివ్వదు. ఉప్పుగాలి ఉన్న చోట నీటితో పాటు ఉప్పు గోడలోకి చేరి, సిమెంటు వెనక పలుకులు కట్టి, సున్నాన్ని లోపలి నుంచి పేల్చేస్తుంది. పైకి సిమెంటు నిక్షేపంగా కనిపిస్తుంది. వేలితో తడితే డొల్లగా మోగుతుంది. పెచ్చు ఊడితే వెనక గుప్పెడు చిప్పలు, పిండి రాలుతాయి. 2016లో మాథ్యూ, 2017లో ఇర్మా తుఫాన్లు వచ్చాక ఆ ఇంటి ఉత్తరపు మూల పెచ్చులూడటం మొదలైంది.

సిమెంటు తీయడానికి గ్రైండరు వాడనివ్వలేదు. చిన్న ఉలి, చెక్క సుత్తి, ఓపిక. ఎక్కడైనా సిమెంటు గోడను గట్టిగా పట్టుకుని ఉంటే అక్కడ వదిలేశాం, లాగితే అసలు గోడ దానితో వచ్చేస్తుంది. గోడలో దిగిన పామెట్టో (తాటి జాతి చెట్టు) వేళ్లను కూడా పీకలేదు. మొదలు దగ్గర కోసి, ఎండనిచ్చి, ఆ ఖాళీలు సున్నంతో నింపాం.

కొత్త సున్నం ఎలా ఉండాలో తేల్చడంలో ఒక చిక్కు ఉంది, ఈ పని చేసేవారు గమనించాలి. మామూలుగా పాత గచ్చు నమూనాను ఆమ్లంలో వేస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది, పాళ్లు తెలుస్తాయి. టాబీలో చిప్ప కూడా సున్నపు పదార్థమే కాబట్టి అదీ కరిగిపోతుంది. ఆ లెక్క ప్రకారం కలిపితే సున్నం ఎక్కువై గచ్చు బీటలు వారుతుంది. అందుకని నమూనాను పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూపించాం. చిప్ప ముక్కలు, కాలని చిప్పలు, బూడిద రేణువులు వేటికవి విడిగా కనిపించాయి.

చిప్పల కోసం ఆదివాసుల దిబ్బలను తాకలేదు, అవి చట్టరక్షణలో ఉన్న పురావస్తు స్థలాలు. హోటళ్ల నుంచి వచ్చే ఖాళీ చిప్పలు తీరంలో ఆల్చిప్పల గుట్టలు మళ్లీ పెంచడానికి పోతాయి, దానికీ అడ్డం వెళ్లకూడదు. తోటలోనే పడిపోయిన గోడల నుంచి రాలిన చిప్పలను ఏరి, కడిగి, మళ్లీ వాడాం. పూత వేశాక తడి గోనెసంచులు కప్పి ఆరకుండా చూశాం. వంశీకుల్లో ఇద్దరు యువకులు ఈ పని మొదటి నుంచీ చేశారు, ఇప్పుడు వాళ్లకే ఈ పని బాగా వచ్చు.

ఏది ఉంచాలి

పడమటి ఇంటి పొయ్యి పక్కన, మోకాలి ఎత్తులో, పాత సున్నపు పూత మీద నాలుగు వేళ్ల చారలు ఉన్నాయి. తాపీ చేరని మూలలో ఎవరో చేత్తో పూసి నునుపు చేశారు. వేళ్ల మధ్య దూరం చూస్తే పెద్దవాళ్ల చెయ్యి కాదు. ఆ చదరపు అడుగు మీద ఏ కొత్త పూతా పడలేదు. అంచులు ఊడకుండా పలుచటి సున్నపు నీళ్లు సూదితో ఎక్కించి ఆపాం. మాంట్‌పెలియర్‌లో ఇటుకల మీద పచ్చిగా ఉన్నప్పుడు పడిన వేలిముద్రలను ప్రదర్శనలో పెట్టారు. ఇక్కడ గుర్తు గోడలోనే ఉంది, దాన్ని చూడాలంటే కిందికి వంగాలి.

మధ్య చెక్క అడ్డుగోడ మీద 20వ శతాబ్దపు వార్తాపత్రికలు పొరలు పొరలుగా అంటించి ఉన్నాయి. చలిగాలి ఆపడానికి. గీచీ కుటుంబాల్లో, అంటే ఈ తీరంలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల వంశీకుల్లో, పెద్దలు ఇంకో కారణం చెబుతారు: దయ్యం ఇంట్లోకి వస్తే ముందు ప్రతి అక్షరం చదవాల్సిందే, అంతలో తెల్లారుతుంది. కిటికీ చెక్కకు నీలం రంగు వేసింది కూడా దయ్యాలు రాకుండానే. యజమానులకు ఈ కాగితాలు చెత్తగా అనిపించాయి. సంఘం సమావేశంలో ఒక పెద్దావిడ లేచి, ఆ కాగితాలు తన నాయనమ్మ మైదాపిండి జిగురుతో అంటించిందని, జిగురు గిన్నె తనే పట్టుకున్నానని చెప్పింది. ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. కాగితం నిపుణురాలు వచ్చి ఊడిన అంచులు అతికించి వెళ్లింది.

రేకుల కప్పు సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. వంశీకుల్లోనే రెండు మాటలు వచ్చాయి. చెక్క పెంకులు వేస్తే పిల్లలకు అప్పటి ఇల్లు కళ్లకు కడుతుందని కొందరు, కూలి డబ్బుతో తాత కొన్న రేకులు తీయడానికి వీల్లేదని కొందరు. నేను రేకుల వైపే మాట్లాడాను. కప్పు పోయిన టాబీ గోడ కొన్ని వానలకే సున్నం కోల్పోతుంది, ఇన్నాళ్లూ ఈ గోడలను కాపాడింది ఆ రేకులే. ఒక ఇంటికి పాత రేకులు బాగుచేసి వేశాం. రెండో ఇంటి రేకులు పూర్తిగా తుప్పుపట్టాయి కాబట్టి కొత్తవి అదే కొలతలో వేశాం.

చెక్క ఇల్లయితే విప్పి మ్యూజియానికి తరలించవచ్చు. దక్షిణ కరొలినా ఎడిస్టో ద్వీపంలోని పాయింట్ ఆఫ్ పైన్స్ ఇంటిని 2013లో పలక పలకగా విప్పి వాషింగ్టన్‌కు తీసుకుపోయారు. 2016లో తెరిచిన జాతీయ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో దాన్ని లక్షల మంది చూస్తున్నారు. అది మంచి నిర్ణయం. టాబీని కదిపితే పిండి అవుతుంది. కాబట్టి చూడాలంటే పడవెక్కి ఇక్కడికే రావాలి.

నేల కింద తవ్వకం చాలా తక్కువ చేయించాం, కొత్త కాలువ పోయే చోట మాత్రమే. చేప ముళ్లు, బొత్తాలు, మట్టి పైపు ముక్కలు, ఒక నీలి గాజు పూస దొరికాయి. అవి ద్వీపంలోనే ఉన్నాయి.

రాత్రి గడపడం

జోసెఫ్ మెక్‌గిల్ 2010లో చార్లెస్టన్ దగ్గరి మాగ్నోలియా తోటలో మొదలుపెట్టి, ఇప్పటికి 100కు పైగా బానిస ఇళ్లలో నేల మీద పడుకున్నాడు. స్లేవ్ డ్వెల్లింగ్ ప్రాజెక్టు అని దానికి పేరు. అతను వచ్చి పడుకుంటున్నాడంటే పత్రికలు రాస్తాయి, యజమానులు కప్పు బాగుచేయిస్తారు, చుట్టుపక్కలవాళ్లు నిప్పు చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారు. పడిపోతే పడిపోనీ అనుకున్న ఇళ్లు ఎన్నో దీనివల్ల నిలిచాయి. ఆ స్ఫూర్తితో మా వంశీకులు తామే ఒక రాత్రి గడపాలనుకున్నారు. పని ముగిశాక చేశారు. ఆస్తి జాబితాలో దొరికిన పేర్లన్నీ ఒక్కొక్కరు ఒక్కొక్కటిగా పైకి చదివారు, వెలలు చదవలేదు. ఆ పేర్ల పలక ఇప్పుడు తూర్పు ఇంటి లోపల ఉంది. దాని మీద యజమాని పేరు లేదు, ఉండకూడదని సంఘం తీర్మానం.

ఈ పని చేస్తున్నంత కాలం తెలంగాణ గడీలు గుర్తొచ్చేవి. వెట్టి, అమెరికా బానిసత్వం ఒకటి కావు. అమెరికాలో మనిషిని కొని, అమ్మి, కొడుక్కి రాసిచ్చే చట్టం ఉండేది. కానీ కట్టడాల విషయంలో జరిగింది మాత్రం ఒకటే: దొర గడీ నిలిచింది, దానికి రాళ్లెత్తినవారి గుడిసెలు మట్టిలో కలిశాయి. గడీలను బాగుచేయాలని ఎవరైనా తలపెడితే, ఆ ఊళ్లో వెట్టి చేసిన కుటుంబాల దగ్గర పేర్లు, పనులు ముందుగా రాసుకోమని నా మనవి. చెప్పగలిగినవారి వయసు ఇప్పటికే మీరిపోయింది.

ఇక ముందు

నిర్వహణకు యజమానులు, వంశీకులు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నారు. ఏటా తుఫాన్ల కాలం ముగిశాక గోడలకు వెల్ల, కప్పు మేకుల తనిఖీ, గోడకు మూడడుగుల లోపు మొలిచిన ప్రతి మొక్కనూ కోయడం. సున్నం కొనుగోలుకు కొంత నిధి వేరుగా పెట్టారు. వెల్ల వేసే పని శిక్షణ పొందిన యువకులది, కూలి చెల్లించాల్సిందేనని ఒప్పందంలో స్పష్టంగా ఉంది.

మూడో ఇంటి పొగగొట్టాన్ని తిరిగి ఇల్లుగా కట్టడం లేదు. వాలిపోకుండా అడుగున గచ్చు నింపి వదిలేశాం. దానికి తూర్పున ఓక్ చెట్ల కింద నేల కొన్నిచోట్ల పొడవాటి గుంటలుగా కుంగి ఉంది, పైన సముద్రపు గవ్వలు పరిచిన ఆనవాళ్లు ఉన్నాయి. ఈ తీరంలో సమాధులను గవ్వలతో అలంకరించడం ఆనవాయితీ. తవ్వకం లేకుండా నేల లోపల చూసే రాడార్ సర్వేకు వంశీకులు అనుమతి ఇచ్చారు. అది అయ్యేదాకా ఆ చెట్ల కిందికి బండి పోకుండా తాడు కట్టాం. పడవ రేవు నుంచి ఇళ్లకు వచ్చే పాత దారిని కూడా అక్కడి నుంచి పక్కకు మళ్లించాం.